పెద్ద అంకె ఎవరిది?

పత్రికలో నాకిచ్చిన ఈ జాగాను కాలమ్ అంటారు. కంప్యూటరువాళ్ళు తమ పట్టికలోని నిలువు వరసను కూడా కాలమ్ అనే అంటారు. ఆ కాలమ్ గురించి ఈ కాలమ్‌లో రాయవలసి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. తెలుగు ఎం.ఏ. చదివి, ఇరవై ఏళ్ళుగా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పుకుంటున్న మనిషిని. నాకూ డేటాబేసులకూ ఏమి చుట్టరికం? చుట్టరికం లేకపోయినా పేచీ వచ్చింది. ఆ యంత్రం చెప్పిన ఒక అంకెను నమ్మి నేను చేసిన పొరపాటువల్ల, ఒక ఆడపిల్లకు న్యాయంగా రావలసిన బహుమతి చేయి దాటిపోయేదే. ఇందులో మీ ఇంట్లో చదువుకునే పిల్లలకూ, ఆఫీసుల్లో లెక్కలు చూసే మీవారికీ పనికివచ్చే సంగతులు నాలుగున్నాయి గనుక ఈ వారం కథ అదే.

మేముండేది తుర్కపల్లిలో. హైదరాబాదు నుంచి కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారిమీద షామీర్‌పేట చెరువు దాటి పైకి వస్తే మా ఊరు. ఒకప్పుడు పొలాలూ, రాళ్ళగుట్టలూ. ఇప్పుడు జీనోమ్ వ్యాలీ అని పేరుపడి, మందులూ టీకాలూ తయారుచేసే కంపెనీలతో నిండిపోయింది. 2021లో దేశమంతటా జనం వేసుకున్న కోవాగ్జిన్ టీకా ఈ వ్యాలీలో పుట్టినదే. పొద్దున్నే కంపెనీ బస్సులు వరసగా వచ్చి మనుషులను దింపి వెడుతుంటే తిరునాళ్ళలా ఉంటుంది. ఆ కంపెనీల్లో ఒకదానిలో మా అన్నయ్య కొడుకు కంప్యూటరు లెక్కలు చూసే ఉద్యోగం చేస్తూ, మా ఇంట్లోనే ఉంటున్నాడు. ఈ కథలో వైద్యుడు వాడే.

ఇక రోగం సంగతి. మా కాలేజీలో ఏడాదికొకసారి ఒక బహుమతి ఇస్తాం. లైబ్రరీ నుంచి అందరికన్నా ఎక్కువ పుస్తకాలు తీసుకుని చదివిన విద్యార్థికి అయిదు వేల రూపాయల విలువగల పుస్తకాలూ, ఒక ప్రశంసాపత్రమూ. బహుమతి చిన్నదే గాని పిల్లలకు దానిమీద మోజు ఎక్కువ. ఆ కమిటీలో నేనొకదాన్ని. ఇదివరకు లైబ్రేరియన్‌గారు రిజిస్టరు ముందేసుకుని, వేలు పెట్టి లెక్కపెట్టి చెప్పేవారు. రెండేళ్ళనుంచి లెక్కంతా కంప్యూటరులోకి ఎక్కింది. ఒక్క మాట అడిగితే చాలు, కన్నుమూసి తెరిచేలోగా జవాబు. ఈసారి జవాబు 97 అని వచ్చింది. ఆ 97 ఎవరిదో చూశాం. ఒక కుర్రాడిది. బుద్ధిమంతుడు, మంచి చదువరి. ప్రశంసాపత్రం అచ్చుకు వెళ్ళింది.

ఆ సాయంత్రం క్లాసు అయిపోయి నేను సంచీ సర్దుకుంటూంటే, రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె గుమ్మంలో నిలబడింది. మా ఊరివైపు నుంచే రోజూ బస్సులో వచ్చే పిల్ల. క్లాసులో నోరు విప్పదు.

"మేడం, ఒక మాట అడుగొచ్చా?" అంది.

"అడుగమ్మా."

"బహుమతి తొంభై ఏడు పుస్తకాలకు ఇస్తున్నరంట గద మేడం. నేను నూట పన్నెండు చదివిన."

నేనేమన్నానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. అయినా చెప్పాలి. "కంప్యూటరు అబద్ధం చెప్పదు కదమ్మా. నువ్వు లెక్కపెట్టడంలో పొరబడి ఉంటావు" అన్నాను. ఆ పిల్ల మారుమాటాడలేదు. చేతిలో ఉన్న నోటుబుక్కు నా బల్లమీద పెట్టి, "బస్సు పోతది మేడం" అని వెళ్ళిపోయింది. తెరిచి చూద్దును గదా, ముత్యాల్లాంటి అక్షరాలతో పుస్తకం పేరు, తెచ్చిన తేదీ, ఇచ్చిన తేదీ. ఒకటి నుంచి నూట పన్నెండు దాకా వరస నెంబర్లు. మధ్యమధ్య నచ్చిన పుస్తకాలకు చిన్న నక్షత్రం గుర్తు. అంత ఓపికతో రాసుకున్న పిల్ల అబద్ధమాడుతుందా? పోనీ, యంత్రం ఆడుతుందా?

లైబ్రేరియన్‌గారి అనుమతి తీసుకుని, ఆ పట్టిక నకలొకటి ఇంటికి పట్టుకువెళ్ళాను. రాత్రి భోజనాలయ్యాక మా మేనల్లుణ్ణి కూర్చోబెట్టి సంగతంతా చెప్పాను. మావారు కూడా పేపరు మడిచి పక్కన పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

డేటాబేసంటే భయపడవలసినదేమీ లేదు. అడ్డు వరసలూ నిలువు వరసలూ ఉన్న పట్టిక, అంతే. మా పట్టికలో ఒక్కొక్క అడ్డు వరసా ఒక్కొక్క విద్యార్థి. నిలువు వరసల్లో పేరు, క్లాసు, చదివిన పుస్తకాల లెక్క. లెక్కలన్నీ ఇలాంటి పట్టికలుగా పెట్టుకోవాలని ఐ.బి.ఎం. కంపెనీలో పనిచేసే ఎడ్గర్ కాడ్ అనే ఆయన 1970లో ఒక వ్యాసం రాశారు. ఆ పట్టికలను ఇంచుమించు మనుషుల మాటల్లోనే ప్రశ్నించడానికి అదే కంపెనీవారు ఛాంబర్లిన్, బోయిస్ అనే ఇద్దరు 1974లో ఒక భాషను ప్రకటించారు. ఈనాడు ఎస్.క్యూ.ఎల్. అనేది దానినే. ఆ భాషలో అడిగే ప్రశ్న పేరు క్వెరీ. నిలువు వరసలో అన్నిటికన్నా పెద్దదేదో చెప్పమనడానికి మ్యాక్స్ అని ఒక్క మాట వాడితే చాలు. మా లైబ్రేరియన్‌గారు వాడినదీ అదే. మాట సరిగానే వాడారు. మరి జవాబెందుకు తప్పింది?

మావాడు పట్టిక తెరిచి ఒక్క నిమిషం చూసి నవ్వాడు.

"అత్తమ్మా, నువ్వు తెలుగు పంతులమ్మవు గద. డిక్షనరీల అరణ్యం ముందొస్తదా, ఈగ ముందొస్తదా?"

"అరణ్యమే. అకారాదిలో అ తరువాతే గదా ఈ."

"అంటే వరసల ఈగ తర్వాత వస్తది. తర్వాత వచ్చేదే పెద్దది అనుకుంటే, అరణ్యంకన్న ఈగనే పెద్దదయితది గద?"

"అదేం లెక్కరా!"

"మీ కంప్యూటర్ లెక్క గదే. ఈ కాలమ్ చేసినోళ్ళు దీన్ని అంకెల కాలమ్ అని చెప్పలే, అక్షరాల కాలమ్ అని చెప్పిన్రు. అందుకని 97, 112 దానికి అంకెలు కావు, మాటలు. మాటల్ని మొదటి అక్షరం కాడికెల్లి పోలుస్తది. తొమ్మిది పెద్దదా, ఒకటి పెద్దదా? తొమ్మిది. అయిపాయె. తర్వాత ఎన్ని అక్షరాలున్నా చూడదు."

నాకు నోట మాట రాలేదు. ఆ లెక్కన 97 కన్నా 112 చిన్నది, 1000 ఇంకా చిన్నది, లక్ష కూడా చిన్నదే! నేను రోజూ పిల్లలకు నిఘంటువు చూడడం నేర్పుతాను. ఆ యంత్రం చేసినది కూడా నిఘంటువు చూడడమే. నేను లెక్క అడిగాననుకున్నాను. అది అకారాది చెప్పింది. అబద్ధమాడలేదు. నేనడిగిన ప్రశ్న నేననుకున్న ప్రశ్న కాదు, అంతే తేడా.

"మన వార్షిక పరీక్షల పట్టీలోనూ ఇంతేనేమిటి? పరీక్షకు రానివాడి గడిలో ఏబీ అని ఇంగ్లీషు అక్షరాలు వేస్తాం కదా?" అని అడిగాను.

"అక్షరాల కాలమ్ అయితే ఇంకా తమాష. కంప్యూటర్ వరసల ఇంగ్లీషు అక్షరాలు అంకెల తర్వాత వస్తయి. ఎవ్వరికి ఫస్టు మార్కు వచ్చిందని అడిగితే, పరీక్షకు రానోడికి అంటది" అన్నాడు.

మావారు పగలబడి నవ్వారుగాని నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే మావాడు వెంటనే తన కంపెనీ వ్యవహారం చెప్పుకొచ్చాడు. టీకాలు చాలామటుకు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. గదిలో పెట్టిన పరికరం గంటగంటకూ ఉష్ణోగ్రత రాసుకుంటూ ఉంటుంది. రోజు చివర ఈవేళ ఎక్కువలో ఎక్కువ ఎంత అయిందని యంత్రాన్ని అడుగుతారు. ఆ వరస అక్షరాల వరస అయిందనుకోండి, మధ్యాహ్నం కరెంటు పోయి 10.4 డిగ్రీలకు ఎక్కినా, యంత్రం 7.9 అని చెబుతుంది. తొమ్మిదీ ఒకటీ సామెతే, ఏడూ ఒకటీ. అందరూ హమ్మయ్య అనుకుంటారు. వేడెక్కిన టీకా పెట్టె బండెక్కుతుంది. అందుకనే వాళ్ళ దగ్గర కాలమ్ తయారుచేసేటప్పుడే అది అంకెలదా, అక్షరాలదా, తేదీలదా అని ఇద్దరు ముగ్గురు చూసిగాని ఒప్పుకోరుట.

మన గోదావరి సంగతి చూడండి. భద్రాచలం దగ్గర నీరు 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. అంతకుమించిన వరద అక్కడ నమోదు కాలేదు. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు ఊరివాళ్ళందరూ ఆ 86నే తలుచుకున్నారు. కరకట్ట ఎంత ఎత్తుండాలి, ఇల్లు ఎక్కడ కట్టుకోవాలి అన్నవన్నీ ఆ ఒక్క పెద్ద అంకె మీద ఆధారపడతాయి. ఆ అడుగుల లెక్కను ఎవరైనా అక్షరాలుగా పట్టికలోకి ఎక్కిస్తే, వేసవిలో తొమ్మిది అడుగుల నీళ్ళున్న రోజే మహావరద అయి కూర్చుంటుంది. పెద్ద అంకె అంటే బడాయి కాదు. ఎంత వరకు రాగలదో చెప్పే సాక్ష్యం.

"సరే, రోగం తెలిసింది. మందెయ్యి" అన్నాను.

మందు సులభమేట. అక్షరాలను అంకెలుగా మార్చి చూడమని చెప్పడానికి క్యాస్ట్ అని ఒక మాట ఉంది. అసలు వైద్యం మాత్రం కాలమ్‌నే అంకెల కాలమ్‌గా మార్చడం. మావాడు క్యాస్ట్ అని కొట్టగానే యంత్రం మొండికేసింది. ఒక గడిలో "86?" అని ప్రశ్నార్థకం, మరో రెండు గడుల్లో ఉత్త అడ్డగీత. ఇవి అంకెలు కావు, మార్చను పొమ్మంది.

"ఇది మంచి కంప్యూటర్ అత్తమ్మా. పోస్ట్‌గ్రెస్ అనే రకం. తప్పు కనబడితే ఆగిపోతది. మైఎస్‌క్యూఎల్ అనేది ఇంకో రకం. అదయితే మొదట ఉన్న అంకెల్ని తీసుకుని మిగతాది వదిలేస్తది; అంకె లేకుంటే సున్నా అనుకుంటది. ఒక హెచ్చరిక పెడ్తది గాని, దాన్ని చదివేటోడెవడు? అందుకని మార్చేముందే అంకెలు కానివన్నీ ఏరి చూసుకోవాలె."

అడ్డగీత ఎందుకు పెట్టారని లైబ్రేరియన్‌గారికి ఫోను చేసి అడిగాను. ఆ ఇద్దరూ మధ్యలో వేరే కాలేజీకి వెళ్ళిపోయారట. లెక్క తెలియదు గనుక గీత పెట్టారు. తెలియనిదానిని ఖాళీగా వదిలెయ్యాలి అన్నాడు మావాడు. ఆ ఖాళీకి వాళ్ళ భాషలో నల్ అని పేరు. నల్ అంటే సున్నా కాదు. సున్నా అంటే ఒక్క పుస్తకమూ చదవలేదని తెలియడం. నల్ అంటే ఎన్ని చదివారో తెలియకపోవడం. మనకిది కొత్త కాదు. పరీక్ష రాసి సున్నా తెచ్చుకున్నవాడూ, అసలు పరీక్షకే రానివాడూ ఒకటేనా? మ్యాక్స్ ఆ ఖాళీలను పట్టించుకోకుండా దాటిపోతుంది, మిగిలినవాటిలో పెద్దది చెబుతుంది. అన్నీ ఖాళీలే అయినా, పట్టికలో వరసలే లేకపోయినా, జవాబుగా ఖాళీనే ఇస్తుంది. చాలామంది ఆ ఖాళీని చూసి యంత్రం చెడిపోయిందనుకుంటారట. కాదు, నాకు తెలియదని నిజాయితీగా ఒప్పుకుంటోంది. మనలో ఎంతమందికి చేతనవును?

గీతలు ఖాళీలయ్యాయి. "86?" ను రిజిస్టరుతో సరిచూసి 86 చేయించాం. మళ్ళీ అడిగాడు. ఈసారి జవాబు 4318!

"ఏడాదిలో నాలుగు వేల మూడువందల పద్దెనిమిది పుస్తకాలా? సరస్వతీదేవి కూడా చదవలేదు" అన్నారు మావారు.

మళ్ళీ ఫోను. రిజిస్టరు తెప్పించి చూస్తే తేలింది. 4318 అనేది ఒక పుస్తకం చేర్పు నెంబరు. ఎక్కించిన అబ్బాయి దానిని పొరపాటున పక్క గడిలో కొట్టేశాడు. ఇన్నాళ్ళూ ఆ 4318 అక్కడే ఉంది. నిఘంటువు లెక్కలో నాలుగు తొమ్మిదికన్నా చిన్నది గనుక 97 చాటున దాక్కుని ఉంది. ఒక తప్పు ఇంకో తప్పును కాపాడిందన్నమాట. కొన్ని చోట్ల తెలియని లెక్కకు 999 అనో 9999 అనో వేసే అలవాటు కూడా ఉందిట. పెద్దదేదని అడగగానే మొదట పైకి వచ్చేది ఆ దొంగ అంకె. సరాసరి తీసినప్పుడు ఇలాంటి తప్పు పదిమందిలో కలిసిపోతుంది. పెద్దదానిని అడిగినప్పుడు తప్పే పెద్దమనిషి అయిపోతుంది. అందుకని పెద్ద అంకె వచ్చినప్పుడు సంబరపడకుండా, దాని వరస మొత్తం కళ్ళతో చూడాలి. కింద రెండో పెద్దది, మూడో పెద్దది కూడా చూడాలి. అవి దగ్గరదగ్గరగా ఉన్నాయా, మొదటిది ఒక్కటే తాటిచెట్టులా నిలబడిందా?

ఆ గడిలో ఉండవలసిన సరైన అంకె 43. అది దిద్దాక పెద్ద అంకె 112 అని వచ్చింది. నా గుండెలమీంచి బరువు దిగింది. "ఆ పిల్లదే! పేరు కూడా చూడు" అన్నాను.

అక్కడ ఇంకో మెలిక. "పేరూ, మ్యాక్సూ రెండూ ఒకేసారి చెప్పు" అని అడిగితే యంత్రం ఒప్పుకోదు. ఎందుకంటే మ్యాక్స్ అనేది పట్టిక మొత్తానికి ఒకటే జవాబు. పేర్లు మాత్రం వందలున్నాయి. ఏ పేరు పక్కన పెట్టమంటావని దాని ప్రశ్న. అలా అడిగితే పూర్వపు మైఎస్‌క్యూఎల్‌లు తోచిన పేరేదో పక్కన పెట్టి ఇచ్చేసేవిట. 2015లో వచ్చిన 5.7 రకం నుంచి అదీ మామూలుగా ఒప్పుకోవడం మానేసింది. ఎంతమంది పెద్ద అంకె పక్కన పరాయివాళ్ళ పేరు చదువుకుని మోసపోయారో!

పోనీ, "ఎవరి లెక్క మ్యాక్స్ అయితే వాళ్ళను చూపించు" అని వేర్ అనే మాటతో అడిగితే? అదీ కుదరదు. వేర్ అన్నది గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరినే చూసి లోపలికి పంపే మనిషి. పెళ్ళికి వచ్చేవాళ్ళలో అందరికన్నా పొడుగైనవాణ్ణి మాత్రమే పంపమంటే, అందరూ రాకుండా వాడికెలా తెలుస్తుంది? అందుకని పని రెండు అంచెల్లో చెయ్యాలి. ముందు లోపల ఒక చిన్న ప్రశ్న: పెద్ద అంకె ఎంత? ఆ జవాబు వచ్చాక బయట పెద్ద ప్రశ్న: అంత లెక్క ఉన్నవాళ్ళెవరు? క్లాసుకొక బహుమతి ఇవ్వదలుచుకుంటే గ్రూప్ బై అనే మాటతో ముందు క్లాసులుగా విడదీసి, ఒక్కొక్క క్లాసు పెద్ద అంకెనూ ఆ క్లాసు పిల్లలతోనే పోల్చాలి. అలా చెయ్యకపోతే ఒక క్లాసు పెద్ద అంకెకు ఇంకో క్లాసులోని మామూలు పిల్లవాడు తోడు వస్తాడు.

మావాడికి నిద్ర ముంచుకొస్తోంది కాబోలు, దగ్గరదారి తొక్కాడు. పెద్దదాని నుంచి చిన్నదానికి వరసగా పేర్చి, పైనున్న ఒక్కటి చాలన్నాడు. ముందు పైకొచ్చింది అడ్డగీత తీసేసి ఖాళీ చేసిన మనిషి. ఈ రకం యంత్రం అలా పేర్చినప్పుడు ఖాళీలను మీదికి తెస్తుందిట. ఖాళీలను చివరికి పొమ్మని చెప్పాడు. అప్పుడు వచ్చిన పేరు మూడో సంవత్సరం కుర్రాడొకడిది. లెక్క 112.

నా ప్రాణం మళ్ళీ మొదటికి వచ్చింది. నోటుబుక్కు బల్లమీదనే ఉంది. ఆ నక్షత్రాలన్నీ నన్నే చూస్తున్నట్టుంది.

"ఆగు అత్తమ్మా. ఒక్కటే చూపియ్యమన్న గద, అందుకని ఒక్కడినే చూపిచ్చింది. సమానంగ ఇంకెవరన్న ఉన్నరేమో నేను అడగలే." ఈసారి రెండంచెల ప్రశ్న వేశాడు. రెండు పేర్లు వచ్చాయి. రెండోది మా పిల్లదే.

చూశారా! ఒక పిల్ల పేరు ఒకే పట్టికలో రెండుసార్లు మరుగునపడింది. ఒకసారి అంకెను అక్షరమనుకోవడంవల్ల. రెండోసారి ఒక్కరే గెలవాలని మనమే ముందుగా తీర్మానించుకోవడంవల్ల. రెండోది యంత్రం తప్పు కాదు సరికదా, మావాడి తప్పు కూడా కాదంటాను. మొదటి స్థానం ఎప్పుడూ ఒక్కరిదే అన్న భావం మన బుర్రల్లో పాతుకుపోయింది.

మర్నాడు లైబ్రేరియన్‌గారూ నేనూ కూర్చుని ఇద్దరి లెక్కా రిజిస్టరుతో వరసవరసా సరిచూశాం. ఆ పిల్ల నోటుబుక్కుకూ రిజిస్టరుకూ ఒక్క తేదీ తేడా లేదు. లైబ్రేరియన్‌గారికి ఇంకో అనుమానం తీరింది కూడాను. కొత్త పుస్తకం వచ్చినప్పుడు, ఉన్నవాటిలో పెద్ద నెంబరు ఏదో చూసి దానికి ఒకటి కలిపి వేస్తున్నారుట. ఆ మధ్య రెండు పుస్తకాలకు ఒకటే నెంబరు పడింది. మావాణ్ణి అడిగితే, ఇద్దరు ఒక్క క్షణంలో పెద్దదేదని అడిగితే ఇద్దరికీ ఒకటే జవాబు వస్తుంది, ఇద్దరూ దానికి ఒకటే కలుపుతారు అన్నాడు. వరస నెంబరు ఇచ్చే పని యంత్రానికే అప్పగించాలి గాని, పెద్ద అంకె చూసి మనం కలుపుకోకూడదుట. రేషను దుకాణం దగ్గర చీటీలు ఒకడే పంచడం అందుకే గదా.

తెలుగు పంతులమ్మను గనుక నా సొంత అనుమానం కూడా ఒకటి తీర్చుకున్నాను. పుస్తకాల పేర్ల వరసలో పెద్దదేదని అడిగితే? అక్కడ అకారాదే సరైనది కదా, మనకు బెంగ ఉండకూడదు. కాని ఉంది. యూనికోడ్ అనే పద్ధతిలో ఒక్కొక్క అక్షరానికీ ఒక్కొక్క సంఖ్య ఇచ్చారు. అందులో బండి ఱ వచ్చి ర పక్కనే కూర్చుంది. ళ వెళ్ళి ల పక్కన చేరింది. క్షకు వేరే చోటు లేదు, కకారంలోనే ఉండిపోయింది. హల్లులకు చివర హ. మనం బళ్ళో వల్లించిన వర్ణమాలలో హ తరువాత ళ, క్ష, ఱ ఉన్నాయి. ఉత్త సంఖ్యలనే చూసే యంత్రాన్ని అడిగితే, మన చివరి అక్షరం దానికి నడిమి అక్షరం. ఏ భాష వరస పాటించాలో కూడా విడిగా చెప్పవచ్చుట. దానికి కొలేషన్ అని పేరు. పెద్దది అనే మాటకు అర్థం లోకంలో ఒకటి కాదు. ఏ వరసలో పెద్దది అన్నది తేల్చుకోకుండా అడిగితే, ఎవరి వరసలో వారు జవాబు చెబుతారు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి పేచీ వస్తే, మా మేనల్లుడు నాచేత కాగితంమీద రాయించినవి ఇవి. కాలమ్ అంకెలదా, అక్షరాలదా చూడండి. అంకెలు కానివి అందులో దూరాయేమో ఏరండి. తెలియనిచోట సున్నాగాని, తొమ్మిదులుగాని వెయ్యక ఖాళీ వదలండి. పెద్ద అంకె రాగానే దాని వరస మొత్తం చూడండి. పెద్ద అంకెను ముందు కనుక్కుని, అది ఎవరెవరిదో తరువాత అడగండి. ఎవరిదని కాదు, ఎవరెవరిదని.

ఆరోది నేను కలుపుతున్నాను. ఎవరైనా నోటుబుక్కు పట్టుకుని గుమ్మంలో నిలబడితే, ముందు నోటుబుక్కు చూడండి. కంప్యూటరు సంగతి తరువాత.

బహుమతి ఇద్దరికీ ఇచ్చాం. పుస్తకాల సొమ్ము సగం సగం కాకుండా, కమిటీవాళ్ళం తలా కాస్త వేసుకుని రెండో అయిదు వేలూ సమకూర్చాం. 97 చదివిన కుర్రాడి పేరు ప్రశంసాపత్రం మీద అచ్చయిపోయింది కదా, వాడికేం చెప్పాలా అని మథనపడ్డాను. వాడే వచ్చి, "నాకు ముందే అనుమానం మేడం. నేను లైబ్రరీకి పోయినప్పుడల్లా ఆమె అక్కడనే ఉంటది" అన్నాడు. వాడికొక మంచి పుస్తకం నా సొంతాన కొనిచ్చాను.

ఆ పిల్లను పిలిచి, నోటుబుక్కు చేతికిచ్చి, "తప్పు యంత్రానిది కాదమ్మా, నాది. నువ్వు చెప్పింది వినకుండా దాన్ని నమ్మాను" అన్నాను. పెద్దవాళ్ళు పిల్లలకు తప్పు ఒప్పుకోవడం మా ఇళ్ళలో అలవాటు లేదు. ఆ పిల్లకూ ఏమనాలో తోచలేదు. తలొంచుకుని నోటుబుక్కు తెరిచి, కొత్త పేజీలో 113 అని అంకె వేసుకుంది.

"మేడం, ఎండాకాలం సెలవులల్ల లైబ్రరీ తెరిచే ఉంటదా?" అని అడిగింది.

లైబ్రేరియన్‌గారిని అడిగి చెబుతానన్నాను. కంప్యూటరును అడగలేదు.